రోజూ గంట నడుస్తున్నా ఒళ్లు ఎందుకు పట్టేస్తోంది? 40 దాటాక స్ట్రెచింగ్ వల్ల నిజంగా లాభం ఉందా?

మీ ప్రశ్న మిగతావాళ్లకి కూడా అర్థమవ్వాలి కాబట్టి ముందు క్లుప్తంగా మళ్లీ రాస్తున్నా. వయసు 47, రోజంతా కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం, పొద్దున్నే గంట నడక తప్పకుండా చేస్తారు, బరువు అదుపులోనే ఉంది. ఏడాది నుంచి మాత్రం కింద కూర్చుంటే లేవడానికి ఏదో ఒకటి పట్టుకోవాల్సి వస్తోంది, సాక్స్ వేసుకోవాలంటే ఊపిరి బిగబట్టాల్సి వస్తోంది, మెడ ఎక్సర్‌సైజులు చేస్తున్నా కారు రివర్స్ చేసేటప్పుడు మెడ తిరగట్లేదు. అడిగినవి మూడు: నడక సరిపోదా, స్ట్రెచింగ్ వల్ల ఆరోగ్యానికి నిజంగా లాభం ఉందా లేక అందరూ ఊరికే చెప్తారా, ఈ వయసులో మొదలుపెడితే ఏమన్నా వస్తుందా. చివర్లో యోగా క్లాసులో చేరమంటారా అని కూడా అడిగారు.

సూటిగా చెప్తా. నడక ఒక్కటే సరిపోదు. లాభం ఉంది. ఈ వయసులోనే కాదు, 70 దాటినవాళ్లకి కూడా వస్తుంది. కాకపోతే స్ట్రెచింగ్ అనగానే అందరూ అనుకునేది, అంటే నిలబడి ముందుకి వంగి కాలివేళ్లు అందుకోవాలని ఊగడం, అది మీకు పెద్దగా పనికిరాదు. మీకు కావాల్సింది చీలమండ, తుంటి, వీపు పైభాగం, భుజం, ఈ నాలుగు చోట్ల పోయిన కదలికని తిరిగి తెచ్చుకోవడం, తెచ్చుకున్న కదలిక చివరి అంచుదాకా బలం పెంచుకోవడం. రెండోది వదిలేస్తే మొదటిది నిలవదు. నేను ఫిజియోథెరపిస్టుని, నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది మీ వయసువాళ్లే, చాలామందిది ఇదే కథ.

ముందు నడక సంగతి. నడక గుండెకి మంచిది, షుగర్‌కి మంచిది, దయచేసి మానొద్దు. కానీ నడిచేటప్పుడు కీళ్లు ఎంత కదులుతున్నాయో చూడండి. మోకాలు 135 నుంచి 140 డిగ్రీల దాకా వంగగలదు, మామూలు నడకలో మాత్రం సుమారు 60 దగ్గరే ఆగిపోతుంది. భుజం 180 డిగ్రీలు పైకి లేవగలదు, నడకలో అది కాస్త ముందుకీ వెనక్కీ ఊగుతుంది అంతే. తుంటి పక్కకి తెరుచుకోదు, లోపలికి తిరిగేది కూడా చాలా కొద్దిగా, వీపు మెలి తిరగడం కూడా అంతంతమాత్రమే. మిగతా రోజంతా కుర్చీలో తుంటి 90 డిగ్రీల దగ్గర, మోకాలు 90 డిగ్రీల దగ్గర, చేతులు ఛాతీ కంటే పైకి లేవకుండా, తల స్క్రీన్ వైపు అలాగే ఉండిపోతుంది. అంటే మీ కీళ్లకి ఉన్న కదలికలో సగం కూడా వారానికి ఒక్కసారన్నా వాడట్లేదు. వాడనిది నెమ్మదిగా పోతుంది.

ఎలా పోతుందంటే ఒక్క కారణం కాదు. కీలు చుట్టూ ఉండే పొర వాడకపోతే ముడుచుకుంటుంది. మజిల్ ఎప్పుడూ కుదించిన స్థితిలోనే ఉంటే ఆ పొడవుకే అలవాటుపడిపోతుంది. ఎముకల చివర ఉండే నున్నటి పొర, అంటే కార్టిలేజ్‌కి రక్తనాళాలు ఉండవు, దానికి పోషణ అందేది కీలులో ఉండే ద్రవం నుంచే, ఆ ద్రవం లోపలికీ బయటికీ ఆడాలంటే కీలు మీద ఒత్తిడి పడుతూ వదులుతూ ఉండాలి, అంటే కదలాలి. వీటన్నిటికంటే ముందు అడ్డుపడేది మన నరాల వ్యవస్థ. చాలాకాలం వెళ్లని చోటికి కాలో చెయ్యో వెళ్తుంటే మెదడుకి అది ప్రమాదంలా అనిపించి మజిల్‌ని బిగించేస్తుంది. మీకు "పట్టేసింది" అనిపించే దాంట్లో ఎక్కువ భాగం ఇదే. ఇదే మంచి వార్త కూడా, ఎందుకంటే నరాలకి అలవాటు చేయడం త్వరగానే అవుతుంది.

ఇప్పుడు ఇంట్లోనే ఒకటి చేసి చూడండి, నేను ప్రతి ఒక్కరితో చేయించేదే. వెల్లకిలా పడుకుని, ఒక కాలు చాపే ఉంచి, రెండో కాలి పాదానికి టవల్ తగిలించి, మోకాలు వంచకుండా చేతులతో ఎంత పైకి లాగగలరో లాగండి. అక్కడ కాలు ఎంత ఎత్తులో ఉందో గుర్తుపెట్టుకుని దించేయండి. ఇప్పుడు టవల్ లేకుండా, కాలి బలంతోనే ఎత్తండి. చాలామందికి ఈ రెండిటికీ మధ్య పెద్ద తేడా ఉంటుంది. లాగితే వచ్చింది ఫ్లెక్సిబిలిటీ, మీ అంతట మీరు ఎత్తగలిగింది మొబిలిటీ. మెట్టు మీద కాలు జారినప్పుడు మిమ్మల్ని కాపాడేది రెండోదే, అక్కడ టవల్ పట్టుకుని లాగేవాళ్లు ఎవరూ ఉండరు. నేను చూసేది ఆ తేడాని. తేడా తక్కువగా ఉండి రెండూ తక్కువే ఉంటే కదలిక పెంచాలి, లాగితే బాగా వచ్చి ఎత్తితే రాకపోతే బలం పెంచాలి. ఇది చూడకుండా అందరికీ ఒకే పది స్ట్రెచ్‌లు ఇవ్వడం నాకు నచ్చదు.

ఇక ఆరోగ్యానికి లాభం ఉందా అన్న ప్రశ్న. దీని మీద ఎక్కువ పనిచేసినవాళ్లలో బ్రెజిల్ డాక్టర్ క్లాడియో జిల్ అరౌజో ఒకరు. ఆయన బృందం 2012లో 51 నుంచి 80 ఏళ్ల మధ్య ఉన్న రెండు వేలమందికి పైగా జనం మీద చేసిన స్టడీ ఫలితాలు ప్రచురించింది. పరీక్ష చాలా చిన్నది: నేల మీద కూర్చుని లేవడం. మొత్తం పది మార్కులు, చెయ్యో మోకాలో ఆనిస్తే ప్రతిసారి ఒక మార్కు పోతుంది, తూలితే అర మార్కు. తక్కువ మార్కులు వచ్చినవాళ్లలో ఆ తర్వాతి ఏళ్లలో మరణాలు ఎక్కువ కనిపించాయి. అదే బృందం 2024లో 46 నుంచి 65 ఏళ్ల వయసున్న 3,139 మంది మీద ఇంకోటి ప్రచురించింది, ఏడు కీళ్ల దగ్గర 20 కదలికలు కొలిచి సుమారు 13 ఏళ్లు గమనించారు, అక్కడా ఒళ్లు బాగా బిగుసుకున్నవాళ్లకి మరణ ప్రమాదం ఎక్కువే కనిపించింది.

దీన్ని చూసి "వంగగలిగితే ఆయుష్షు పెరుగుతుంది" అనుకోవద్దు. ఒంట్లో ఏదో ఒక జబ్బు ఉన్నవాళ్లు తక్కువ కదులుతారు, తక్కువ కదిలేవాళ్లకి ఒళ్లు బిగుసుకుంటుంది, కాబట్టి బిగుసుకుపోవడం కారణమా గుర్తా అనేది ఈ లెక్కలతో తేలదు. స్ట్రెచింగ్ చేస్తే ఎక్కువకాలం బతుకుతారని ఈ స్టడీలు నిరూపించలేదు. నేను మాత్రం దీన్ని బీపీ చూసుకున్నట్టు ఒక కొలతగా వాడతాను, ఏటా తగ్గిపోతుంటే ఎందుకు తగ్గుతోందో చూడాలి.

నా అనుభవంలో అసలు నష్టం జరిగే దారి వేరే. ముందు కింద కూర్చోవడం కష్టమవుతుంది, కష్టం కాబట్టి మానేస్తారు. మానేశాక తొడల బలం తగ్గుతుంది. కింది అరలో వస్తువు తీయడం ఇంకెవరికన్నా చెప్తారు, పై అరలో ఉన్నది అందుకోవడం మానేస్తారు, మెట్లు తప్పించుకుంటారు. ఇవన్నీ ఒక్కోటీ చిన్నవే, ఎవరూ డాక్టర్‌కి చెప్పరు కూడా. పదేళ్లకి అడుగు తడబడితే నిలదొక్కుకునే శక్తి ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో కిందపడటం వల్ల ప్రపంచం మొత్తం మీద ఏటా సుమారు 6,84,000 మంది చనిపోతున్నారు, వాళ్లలో పెద్ద వయసువాళ్లదే పెద్ద వాటా. 47 ఏళ్ల మనిషికి ఇది ఇప్పుడే ఎందుకు అంటారేమో, ఆ దారి మొదలయ్యేది సరిగ్గా మీరున్న చోటే, "లేవడానికి ఏదో ఒకటి పట్టుకోవాల్సి వస్తోంది" అన్న చోట.

70 దాటిన ఒకాయన్ని కొడుకు తీసుకొచ్చాడు. ఆయన ఇంట్లో జారి పడ్డారు, దెబ్బేమీ తగల్లేదు, ఎముకా విరగలేదు, కానీ లేవలేక కొడుకు వచ్చేదాకా నేల మీదే ఉండిపోయారు. ఆయన కాళ్లలో బలం మరీ తక్కువేం కాదు. పక్కకి దొర్లడం, చేతులూ మోకాళ్ల మీదకి రావడం, ఒక పాదం ముందుకి తెచ్చి నేల మీద పెట్టడం, ఈ మూడోది తుంటీ చీలమండా వంగక ఆయనకి కుదర్లేదు. ఏళ్ల తరబడి నేల మీదకి దిగనేలేదు ఆయన. కొన్ని వారాల్లో నేర్చుకున్నారు, ముందు మంచం మీద, తర్వాత మందపాటి పరుపు మీద, తర్వాత కుర్చీ పక్కన పెట్టుకుని నేల మీద. మొదటిసారి ఎవరి సాయం లేకుండా లేచి నిలబడ్డప్పుడు కొడుక్కంటే ఆయనే ఎక్కువ ఆశ్చర్యపోయారు.

చీలమండ. నా మట్టుకు అన్నిటికంటే ఎక్కువ నిర్లక్ష్యం అయ్యేది ఇదే, అందుకే కాస్త ఎక్కువ రాస్తా. గోడకి ఎదురుగా ఒక మోకాలు కింద ఆనించి, రెండో పాదం ముందు పెట్టండి. మడమ నేల నుంచి లేవకూడదు, పాదం లోపలికి వాలకూడదు, అలా ఉంచి మోకాలిని ముందుకి తెచ్చి గోడకి తాకించండి. తాకితే పాదాన్ని కాస్త వెనక్కి జరిపి మళ్లీ. మడమ లేవకుండా మోకాలు గోడని తాకే చివరి స్థానంలో, బొటనవేలు కొసకీ గోడకీ మధ్య దూరం స్కేలుతో కొలవండి. సుమారు 10 సెంటీమీటర్లు వస్తే బాగున్నట్టు, 5 లోపుంటే బాగా బిగుసుకున్నట్టు. రెండు కాళ్లకీ విడిగా కొలవాలి, తేడా రెండు సెంటీమీటర్లు దాటితే తక్కువున్న వైపు ఎప్పుడో చీలమండ మడత పడిందేమో గుర్తుచేసుకోండి.

ఎందుకింత ముఖ్యమంటే, చీలమండ ముందుకి వంగకపోతే గొంతుక్కూర్చోవాలన్నా మెట్లు దిగాలన్నా శరీరం ఆ లోటుని ఇంకెక్కడో పూడ్చుకుంటుంది, మోకాలు లోపలికి పడుతుంది, లేదా మడమ లేచిపోతుంది, లేదా నడుము ఎక్కువ వంగుతుంది. 50ల్లో ఉన్న ఒకావిడ కుడి మోకాలు నొప్పితో వచ్చారు, స్కాన్‌లో వయసుకి తగ్గ అరుగుదల తప్ప ఏమీ లేదు, మోకాలికి ఎక్సర్‌సైజులు అప్పటికే చాలా చేశారు. మెట్టు దిగి చూపించమంటే ప్రతిసారి కుడి మోకాలు లోపలికి జారుతోంది. గోడ దగ్గర కొలిస్తే ఎడమ కాలికీ కుడి కాలికీ సగానికి సగం తేడా. చాలా ఏళ్ల క్రితం కుడి చీలమండ బెణికి కట్టు వేయించుకున్నారట, కట్టు విప్పాక నొప్పి పోయింది కదా అని వదిలేశారు, కదలిక మాత్రం తిరిగి రాలేదు. మేం చీలమండ మీద పనిచేసి, పిక్కకీ తొడకీ బలం పెంచాక మెట్లు దిగేటప్పటి నొప్పి తగ్గింది. మోకాలి నొప్పులన్నీ చీలమండ వల్లే అని అనట్లేదు, చాలావాటికి సంబంధం ఉండదు, కానీ చూడకుండా వదిలేయొద్దు.

తుంటి. మీ సాక్స్ కష్టం ఇక్కడిదే. ఎలా వేసుకుంటున్నారో ఒకసారి గమనించండి. కుర్చీలో కూర్చుని కాలిని పైకి తెచ్చేటప్పుడు తుంటి ఒక చోట ఆగిపోతుంది, అక్కడినుంచి మిగతా దూరం నడుము గుండ్రంగా వంగి పూడుస్తుంది, పొట్ట నొక్కుకుపోయి ఊపిరి ఆగుతుంది. మీరు ఊపిరి బిగబట్టేది అందుకే. రోజూ తుంటి చేయాల్సిన పని నడుము చేస్తుంటే కొన్నాళ్లకి నడుము నొప్పి అంటారు. ఇంకోటి, కూర్చుని మోకాళ్లు దగ్గరగా ఉంచి పాదాన్ని బయటికి తిప్పితే తుంటి లోపలికి తిరుగుతుంది, ఒక వైపు ఇది బాగా తగ్గిపోయి గజ్జల్లో నొప్పి వస్తుంటే తుంటి అరుగుదల మొదలైందేమో చూపించుకోవాలి, దాన్ని స్ట్రెచింగ్‌తో బలవంతం చేయకూడదు.

వీపు పైభాగం, మెడ. కారు రివర్స్ చేసేటప్పుడు వెనక్కి చూడటమంటే మెడ ఒక్కటే చేసే పని కాదు, వీపు పైభాగం తిరగాలి. అది పలకలా అయిపోతే భారమంతా మెడ మీద పడుతుంది. మీరు మెడ ఎక్సర్‌సైజులు చేస్తున్నానన్నారు, ముందు వీపుని తిప్పండి, మెడ దానంతటదే కొంత వదులవుతుంది.

భుజం. 40 నుంచి 60 మధ్య, ముఖ్యంగా ఆడవాళ్లకీ షుగర్ ఉన్నవాళ్లకీ, ఫ్రోజెన్ షోల్డర్ ఎక్కువ, అంటే భుజం కీలు పొర బిగుసుకుపోవడం. మోచేతులు పక్కలకి ఆనించి 90 డిగ్రీలు వంచి, రెండు చేతుల్నీ తలుపులు తెరిచినట్టు బయటికి తిప్పండి. ఒక చెయ్యి మధ్యలోనే ఆగిపోయి, ఇంకొకరు నెమ్మదిగా తోసినా కదలకపోతే ఫ్రోజెన్ షోల్డర్ అనుమానించాలి. అదే మీ అంతట మీరు ఎత్తలేరు కానీ ఇంకొకరు ఎత్తితే హాయిగా లేస్తుందంటే సమస్య కీలు పొరలో కాదు, మజిల్‌లోనో దాన్ని ఎముకకి అతికించే స్నాయువులోనో. రెండిటికీ చేసే వైద్యం వేరు. ఫ్రోజెన్ షోల్డర్ తగ్గడానికి ఏడాది నుంచి మూడేళ్లు కూడా పట్టొచ్చు, నొప్పి ఎక్కువున్న మొదటి దశలో బలంగా లాగితే ఇంకా పెరుగుతుంది, ఆ దశలో ఓపిక పట్టమనే చెప్తాను.

షుగర్ ఉన్నవాళ్లు ఇంకొకటి చూసుకోండి. రక్తంలో గ్లూకోజ్ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే అది చర్మంలో, కీళ్ల పొరల్లో ఉండే కొల్లాజెన్ అనే ప్రోటీన్‌కి అతుక్కుని దాన్ని గట్టిపరుస్తుంది. రెండు అరచేతులూ ఎదురెదురుగా పెట్టి గట్టిగా నొక్కినా వేళ్ల మధ్య సందు మిగిలిపోతుంటే డాక్టర్‌కి చెప్పండి.

సరే, ఏం చేయాలి. అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ 2011లో ఇచ్చిన సూచన ఇప్పటికీ పనికొస్తుంది: వారానికి కనీసం రెండు మూడు రోజులు, ఒక్కో స్ట్రెచ్ 10 నుంచి 30 సెకన్లు పట్టి ఉంచాలి, వయసు పైబడినవాళ్లు 30 నుంచి 60 సెకన్లు, ఒక్కో దానికి మొత్తం కలిపి 60 సెకన్లు వచ్చేలా. అంతే, గంటలు గంటలు అక్కర్లేదు. కానీ నేను స్ట్రెచ్‌తో ఆపను. పూర్తి కదలికలో చేసే బరువుల ఎక్సర్‌సైజు కూడా ఫ్లెక్సిబిలిటీని స్ట్రెచింగ్‌తో దాదాపు సమానంగా పెంచుతుందని 2021లో వచ్చిన ఒక సమీక్ష తేల్చింది, నేను రోజూ చూసేది కూడా అదే. పైగా బలం అదనంగా వస్తుంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి రెండు రోజులు చేయమనే బలం ఎక్సర్‌సైజు కోటా కూడా తీరిపోతుంది.

మీకైతే ఇలా మొదలుపెట్టమంటాను. గోడ దగ్గర కొలిచిన అదే భంగిమలో మోకాలిని ముందుకీ వెనక్కీ పదిహేనుసార్లు ఆడించండి, చివరిసారి అక్కడే 30 సెకన్లు ఆగండి. తర్వాత మెట్టు అంచున ముంగాళ్ల మీద నిలబడి, రెయిలింగ్ పట్టుకుని, మడమల్ని నెమ్మదిగా మెట్టు కిందికి దించి మళ్లీ పైకి లేపండి. దించడం ముఖ్యం, మూడు నాలుగు సెకన్లు పట్టాలి. తుంటికి, నేల మీద కూర్చుని చేతులు వెనక ఆనించి, మోకాళ్లు వంచి పాదాలు దూరంగా పెట్టి, రెండు మోకాళ్లనీ ఒకసారి కుడికి ఒకసారి ఎడమకి వాల్చండి. అలవాటయ్యాక చేతులు ఆనించకుండా చేయండి, అప్పుడే తుంటి తనంతట తాను పనిచేస్తుంది. రోజంతా కూర్చునేవాళ్లకి తుంటి ముందుభాగం కూడా బిగుస్తుంది కాబట్టి ఒక మోకాలు కింద ఆనించి, ఆ వైపు పిర్రని గట్టిగా బిగించి 30 సెకన్లు ఉంచండి. చాలామంది ఇక్కడ నడుము వెనక్కి విరిచి ముందుకి దూకేస్తారు, అలా చేస్తే లాగేది నడుముని, తుంటిని కాదు. వీపుకి, పక్కకి తిరిగి పడుకుని మోకాళ్లు ఛాతీ వైపు మడిచి, పై చేతిని పుస్తకం తెరిచినట్టు వెనక్కి తెరవండి, మోకాళ్లు ఒకదాని మీద ఒకటి అలాగే ఉండాలి, అక్కడ నాలుగైదు నిదానమైన ఊపిర్లు. భుజానికి, గోడకి వీపు ఆనించి నడుము గోడ నుంచి లేవకుండా చేతుల్ని పైకి జార్చండి.

ఇవి రాసినంత సేపు పట్టవు, పావుగంటలో అయిపోతాయి.

ఇవి కాక రోజుకి రెండు మూడుసార్లన్నా నేల మీద కూర్చుని లేవండి. మొదట్లో కుర్చీ పట్టుకునే లేవండి, సిగ్గేం లేదు, తర్వాత ఒక చెయ్యి, తర్వాత మోకాలి మీద చెయ్యి. టీవీ చూసేటప్పుడు కాసేపు బాసింపట్టు వేసుకుని, కాసేపు కాళ్లు చాపి, కాసేపు ఒక మోకాలు నిలబెట్టి కూర్చోండి, భంగిమ మారుతూ ఉండటమే అక్కడ ఎక్సర్‌సైజు. అన్నీ కుదరని రోజు ఇదొక్కటి చేయండి, నా వోటు దీనికే.

ఎంత లాగాలి అని అందరూ అడుగుతారు. పదికి మూడు నాలుగు అనిపించేంత బిగువు చాలు. ముఖం చిట్లించాల్సి వచ్చినా, ఊపిరి ఆగినా ఎక్కువైనట్టే, ఒళ్లు బిగుసుకుని ఎదురుతిరుగుతుంది. మర్నాడు పొద్దున కీలు వాచినా, నొప్పి ముందురోజుకంటే ఎక్కువున్నా సగానికి తగ్గించండి. మొదటి రెండు మూడు వారాల్లో వచ్చే మెరుగుదల ఎక్కువగా నరాలు అలవాటుపడటం వల్ల వచ్చేది, అందుకే వారం మానేస్తే వెనక్కి పోయినట్టు అనిపిస్తుంది, అక్కడ నిరాశపడి వదిలేసేవాళ్లే ఎక్కువ. రెండు నెలలు దాటాక బలం తోడైతే నిలుస్తుంది. పొద్దున లేవగానే చేయడం కంటే నడక అయ్యాక, ఒళ్లు వేడిమీద ఉన్నప్పుడు చేయండి, మీకు అదే సులువు.

కొన్ని ఆశలు పెట్టుకోవద్దు. ఎక్సర్‌సైజు చేసిన మర్నాటి ఒళ్లు నొప్పులు స్ట్రెచింగ్ వల్ల చెప్పుకోదగ్గంతగా తగ్గవు, దీని మీద జరిగిన ట్రయల్స్ అన్నిటినీ కలిపి చూస్తే తేలింది అదే. ఆట ముందు ఒక్కో మజిల్‌ని నిమిషం దాటి పట్టి ఉంచితే కాసేపు బలం కొద్దిగా తగ్గుతుంది కూడా, ఆట ముందు కదులుతూ చేసే వార్మప్ మంచిది. ఇంకా, తుంటి గిన్నె ఆకారం అందరికీ ఒకేలా ఉండదు, ఎముకకి ఎముక తగిలే చోట ఎంత లాగినా రాదు. పక్కవాళ్లు పూర్తిగా గొంతుక్కూర్చుంటున్నారని మీరూ అలాగే కూర్చోవాలనేం లేదు, పోయిన నెల మీకు ఎంత వచ్చిందో దాంతోనే పోల్చుకోండి.

ఎవరు స్ట్రెచింగ్ జోలికి పోకూడదు అన్నది కూడా చెప్పాలి, ఇది చాలామంది వదిలేస్తారు. కొందరికి పుట్టుకతోనే కీళ్లు వదులుగా ఉంటాయి, బొటనవేలు వంచితే ముంజేతికి ఆనుతుంది, మోచేతులు వెనక్కి వంగుతాయి, మోకాళ్లు వంచకుండా అరచేతులు నేలకి ఆనిస్తారు. ఇలాంటి ఒకమ్మాయి మెడ, నడుము ఎప్పుడూ "పట్టేసినట్టు" ఉందని రోజూ ఇంకా ఇంకా లాగేది, లాగినప్పుడు కాసేపు హాయి, గంటకి మళ్లీ అదే. కీలు వదులుగా ఉంటే మజిల్స్ కాపలాగా బిగుసుకుంటాయి, వాటిని లాగితే కాపలా పోతుంది తప్ప సమస్య పోదు. స్ట్రెచ్‌లన్నీ మానిపించి బరువులు మొదలుపెట్టించాం, ఆ బిగువు అప్పుడు తగ్గింది.

తొడ వెనక పట్టేసింది అనుకునేవాళ్లలో కొందరిది మజిల్ కాదు, నరం. కాలు ఎత్తినప్పుడు నొప్పి మోకాలు దాటి పిక్కలోకి పోతున్నా, గడ్డం ఛాతీకి ఆనిస్తే ఆ నొప్పి పెరుగుతున్నా అక్కడ లాగొద్దు, ముందు చూపించుకోండి. ఎముకలు గుల్లబారినవాళ్లు నడుముని గుండ్రంగా వంచి ముందుకి బలవంతంగా వంగకూడదు, వెన్నుపూస నలిగిపోవచ్చు. తుంటి మార్పిడి అయినవాళ్లు సర్జన్ చెప్పిన హద్దులు తెలుసుకునే మొదలుపెట్టాలి.

బిగుసుకుపోవడం ప్రతిసారీ వాడకపోవడం వల్లే అనుకోకండి. పొద్దున లేచాక అరగంట, గంట దాటినా వేళ్లు, కీళ్లు వదులవ్వకపోతే, వాపు ఉంటే అది కీళ్లవాతం కావచ్చు. 45 ఏళ్లలోపే మొదలై నెలల తరబడి ఉండే నడుము నొప్పి, రాత్రి నిద్రలేపుతూ, విశ్రాంతితో పెరిగి కదిలితే తగ్గుతుంటే వెన్ను వాతం చూడాలి. ఒక వైపు చెయ్యి మాత్రమే బిగుసుకుని నడకలో ఊగకపోతే న్యూరాలజిస్టుని కలవండి, పార్కిన్సన్స్ అనే నరాల జబ్బు అలా మొదలవ్వొచ్చు, భుజం నొప్పి అనుకుని నా దగ్గరికి వచ్చి అలా తేలినవాళ్లు ఉన్నారు. నడుము నొప్పితో పాటు మలమూత్ర విసర్జన చోట తిమ్మిరి, మూత్రం ఆగిపోవడం లాంటివి ఉంటే ఎక్సర్‌సైజు మాట పక్కనపెట్టి వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి.

యోగా క్లాసు గురించి: చేరండి, బాగుంటుంది, అందులో కదలికా బలమూ బ్యాలెన్సూ మూడూ వస్తాయి. చెప్పేవాళ్లు మీ మోకాళ్లు, మెడ గురించి ముందే అడిగి తెలుసుకుంటున్నారా, రానిదాన్ని మీద కూర్చుని నొక్కి తెప్పించే అలవాటు ఉందా అన్నది మొదటిరోజే చూడండి. వెనక నుంచి బలంగా నొక్కేవాళ్లయితే మానేయండి. తల మీద, మెడ మీద బరువు పడేవి మీకు ఇప్పుడు వద్దు.

మీరు ప్రశ్నలో రెండు విషయాలు రాయలేదు. షుగర్ ఎప్పుడన్నా చూపించుకున్నారా, చీలమండకి పాత దెబ్బేమన్నా ఉందా. ఆ రెండూ, గోడ దగ్గర కుడి ఎడమ కాళ్ల కొలతలూ, నేల మీద నుంచి లేచేటప్పుడు ముందు ఏ చెయ్యి ఎక్కడ ఆనుతోందో కూడా కింద రాయండి. చేతులు నేలకి ఆనుతున్నాయా మోకాలికా అన్నదాన్ని బట్టి చీలమండతో మొదలుపెట్టాలా తొడల బలంతోనా అనేది చెప్తాను.